సువార్త ఎవరి పని? గోదావరి డెల్టా సంఘాల ముందున్న పాత ప్రశ్న

సంక్రాంతి వెళ్లి దాళ్వా (రెండో పంట వరి) నాట్లు ఒక కొలిక్కి వచ్చే రోజుల్లో రావులపాలెం నుంచి అమలాపురం దాకా, పాలకొల్లు నుంచి నర్సాపురం దాకా రోడ్ల పక్కన ఫ్లెక్సీలు లేస్తాయి. సువార్త మహాసభలు, ఉజ్జీవ కూడికలు, స్వస్థత ప్రార్థనలు. మూడు రాత్రులకు టెంటు, మైకు సెట్టు, లైటింగు, దూరం నుంచి వచ్చే ప్రసంగీకులకు బస, చివరి రోజు ప్రేమ విందు. చిన్న సంఘానికి ఏడాది మొత్తంలో ఇదే పెద్ద ఖర్చు. ఇల్లిల్లూ తిరిగి కానుకలు పోగుచేసిన స్త్రీల సమాజం దగ్గర నుంచి కుర్చీలు మోసిన యూత్ దాకా అందరూ ఒళ్లొంచి పనిచేస్తారు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ టెంటు విప్పేశాక, మళ్లీ వచ్చే సంక్రాంతి దాకా ఆ సంఘంలో సువార్త ఊసు ఉంటుందా? చాలా చోట్ల ఉండదు. ఈ ఏటికి సువార్త పని అయిపోయింది అనుకుంటాం.

సువార్త ప్రతి విశ్వాసి పని అని మనం నోటితో ఒప్పుకుంటూనే, చేతల్లో దాన్ని పాస్టర్ గారికీ, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడికీ అప్పగించేశాం. అలా అప్పగించిన చోట సంఘం లోపల కూడా ఏదో చెడుతూ వస్తోంది. ఎందుకు చెడుతోంది, ఈ డెల్టాలో ఆ పని మొదట ఎవరి వల్ల నడిచింది, ఇప్పుడు కులం, సహాయం, చట్టం దానితో ఎలా పెనవేసుకుపోయాయి అన్నది ముడులు విప్పి చూడాలి.

ముందు ఒక కలగాపులగాన్ని తీసేయాలి. మన మాటల్లో నాలుగు వేరువేరు సంగతులు సువార్త అనే ఒకే పేరుతో తిరుగుతున్నాయి. సభలు పెట్టడం ఒకటి. పేదవాళ్లకు సాయం చేయడం ఒకటి. సంఘంలో తలల లెక్క పెరగడం ఒకటి. ఒక మనిషి ఒక మతం నుంచి ఇంకో మతానికి మారడం ఒకటి. వీటన్నిటికీ సువార్తతో సంబంధం ఉండొచ్చు, కానీ ఏ ఒక్కటీ సువార్త కాదు. యేసు అనే మనిషి గురించి, ఆయన మరణం, పునరుత్థానం గురించి, ఆయన వల్ల తన బతుకులో జరిగినదాని గురించి ఒకరు ఇంకొకరికి చెప్పడం సువార్త. విన్నవాడు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా చెప్పిన పని పూర్తయినట్టే.

సభలో వెయ్యి మంది కూర్చున్నా, అందులో ఎక్కువమంది చుట్టుపక్కల సంఘాల విశ్వాసులే అయితే అక్కడ జరిగింది మంచి ఆరాధన, మంచి బోధ. సువార్త మాత్రం పెద్దగా జరగలేదు. అలాగే పక్క సంఘంలో అలిగి వచ్చిన నాలుగు కుటుంబాలను చేర్చుకుని 'దేవుడు సంఘాన్ని వృద్ధి చేశాడు' అని స్తుతులు చెల్లిస్తాం. ఒక మందలోని గొర్రెలు ఇంకో మందలోకి వచ్చాయి, అంతే. కొత్తగా విన్నవాడు ఒక్కడూ లేడు. డెల్టాలో ఒకే ఊళ్లో లూథరన్, బాప్టిస్టు, బ్రదరెన్, బైబిలు మిషను, పెంతెకొస్తు, ఏ పేరూ లేని స్వతంత్ర సంఘాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ లెక్క మనల్ని ఇట్టే మోసం చేస్తుంది.

చెదరిపోయిన మామూలు మనుషులు

అపొస్తలుల కార్యముల గ్రంథం 8వ అధ్యాయం మొదటి వచనం మనం చాలాసార్లు చదివి దాటేసే వచనం. యెరూషలేము సంఘం మీదికి హింస వచ్చినప్పుడు 'అపొస్తలులు తప్ప అందరు' యూదయ, సమరయ ప్రాంతాలకు చెదరిపోయారు అని ఉంది. నాలుగో వచనంలో ఆ చెదరిపోయినవాళ్లే సువార్త ప్రకటిస్తూ తిరిగారు. అంటే వాక్యం యెరూషలేము దాటి బయటికి వెళ్లిన మొదటి విడతలో, పన్నెండుమంది పెద్దలు ఊళ్లోనే ఉన్నారు. బయటికి మోసుకెళ్లింది పేర్లు కూడా తెలియని కుటుంబాలు.

11వ అధ్యాయంలో కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఆ చెదరిన వాళ్లు అంతియొకయ దాకా వెళ్లారు గానీ యూదులకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. తమ వాళ్లలోనే తిరిగారు. కుప్ర, కురేనే నుంచి వచ్చిన కొందరు మాత్రం గ్రీసు దేశస్థులతో మాట్లాడారు. అక్కడ పుట్టిన సంఘమే తర్వాత యూదయలో కరువు వస్తే సాయం పంపింది, 13వ అధ్యాయంలో బర్నబానూ సౌలునూ (తర్వాత పౌలుగా పేరుపడినవాడు) సువార్తకు పంపింది. శిష్యులను మొదటిసారి క్రైస్తవులు అని పిలిచింది కూడా అంతియొకయలోనే. గీత దాటి చెప్పిన సంఘమే చేయి చాచి ఇచ్చింది, తన మంచి బోధకులను వదులుకుని పంపింది. ఈ మూడూ ఒకే సంఘంలో జరగడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం చదివినా అదే అర్థమవుతుంది. దేవుడు కొందరిని సువార్తికులుగా, కొందరిని కాపరులుగా, ఉపదేశకులుగా నియమించింది విశ్వాసులందరూ పరిచర్యకు సిద్ధపడడానికి. అందరి బదులు వాళ్లు ఒక్కళ్లే చేసేయడానికి కాదు. పాస్టర్ గారు మంచి సువార్తికుడైతే సంఘానికి వరమే. కానీ ఆయన ఉన్నాడు కదా అని సంఘం నోరు మూసుకుంటే ఆ వరం వ్యర్థమైనట్టే.

ఈ నేల మీద మొదలైన తీరు

గోదావరి డెల్టా చరిత్ర కూడా మామూలు మనుషుల చరిత్రే. బ్రదరెన్ మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు మీద విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు, భార్యలతో కలిసి 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. పెద్ద చదువులు చదివి అభిషేకం పొందిన పాస్టర్లు కారు, చేతిపని చేసుకుని బతికినవాళ్లు. నెలనెలా జీతం పంపే మిషనరీ సొసైటీ కూడా వెనక లేదు. మొదట బందరు, తర్వాత నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. బ్రదరెన్ సంఘాలకు ఈ ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ అన్న పేరు వచ్చింది వాళ్ల పని వల్లే. చాలా ఏళ్లు వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ, నమ్మినవాళ్లు ఇంకా తక్కువ.

తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. 1847 నుంచి 1852 దాకా సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆ పని నడిచింది. వేలమంది కూలీలు ఒకే చోట చేరారు. వాళ్లలో ఊరి బయట ఉంచిన కులాలవాళ్లు ఎక్కువ. బౌడెన్ ఆ కూలీల మధ్యకు వెళ్లి సువార్త చెప్పాడు. ఆనకట్ట డెల్టాకు నీళ్లిచ్చిన కథ అందరికీ తెలుసు. మట్టి తట్టలు మోసిన ఆ చోటే ఎన్నో కుటుంబాలు యేసు పేరు మొదటిసారి విన్న చోటు కూడా అన్న సంగతి మన సండే స్కూలు పిల్లలకు ఎంతమంది చెబుతున్నారు?

కాకినాడ వైపు కథ ఇంకా స్పష్టం. కెనడా బాప్టిస్టులు అక్కడ పని మొదలుపెట్టారని మనం అంటుంటాం. కానీ 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడలో దిగే నాటికే అక్కడ పని నడుస్తోంది. థామస్ గాబ్రియేల్ అనే తెలుగు మనిషి ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి, తన సొంత పూచీ మీద సువార్త చెప్పి, సంఘాలు కట్టి, భారం మోయలేని స్థితిలో సాయం కోసం కెనడా వాళ్లకు పిలుపు పంపాడు. ఆ పిలుపు అందుకునే వాళ్లు వచ్చారు. మెక్లారిన్ పేరు మీద హైస్కూలు ఉంది, అది న్యాయమే. గాబ్రియేల్ పేరు మాత్రం కాకినాడ విశ్వాసుల్లో కూడా చాలామందికి తెలియదు. ఇది నన్ను బాధపెట్టే సంగతి. సువార్త అంటే దొరలు తెచ్చి ఇచ్చినది అనే భావన బయటివాళ్లలోనే కాదు, మనలోనూ పాతుకుపోవడానికి ఇలాంటి మరపులే కారణం. రాజమండ్రి వైపు లూథరన్ సంఘాలు విస్తరించడంలోనూ ఊరూరా తిరిగిన తెలుగు ఉపదేశకుల కాళ్లే అరిగాయి. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు కూడా లూథరన్ సంఘంలో పనిచేసిన తెలుగువాడే.

బైబిలు స్త్రీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పరదా పద్ధతి ఉన్న ఇళ్లలోకి, మగ బోధకుడు గడప తొక్కలేని ఇళ్లలోకి వెళ్లి, ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతూ, వాక్యం చదివి వినిపించినవాళ్లు వీళ్లు. వీళ్లలో చాలామంది వితంతువులు, దళిత పేట నుంచి వచ్చినవాళ్లు. మిషన్ నివేదికల్లో వీళ్ల పేర్లు ఎక్కింది తక్కువ. ఈ రోజుకీ డెల్టా సంఘాల్లో కొత్త మనిషిని మొదటిసారి మందిరానికి తీసుకొచ్చేది ఎవరని చూస్తే, పక్కింటి అక్కో, పాలు పోసే అత్తో, పొలంలో కలిసి కలుపు తీసే వదినో అయ్యుంటుంది. స్టేజీ మీద పేరు మాత్రం ఇంకొకరిది.

డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు దీన్ని ఒక క్రమంగానే పెట్టారు. 1912 నుంచి 1945లో చనిపోయేదాకా ఆయన బిషప్‌గా ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ చేతులు తమ తల మీదే పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలకాలి. ఆ మాట 1 కొరింథీ 9:16 లోది. వాళ్లలో ఎక్కువమంది చదువు రాని కూలీలు. ఏ సెమినరీకీ వెళ్లనివాళ్లు. వాళ్లకు ఆ బాధ్యత మొదటి రోజే అప్పగించారు. ఈ రోజు మన సంఘాల్లో బాప్తిస్మానికి ముందు అడిగే ప్రశ్నల్లో తాగుడు మానావా, కానుక ఇస్తావా, ఆదివారం వస్తావా అన్నవి ఉంటాయి. నువ్వు ఎవరికి చెబుతావు అన్న ప్రశ్న ఎక్కడోగానీ వినపడదు.

లోపలికి తిరిగిన సంఘం

సువార్త ఆగిపోయిన సంఘంలో ఏం జరుగుతుందో డెల్టాలో పుట్టినవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. పారకుండా నిలబడిన మురుగు కాలువలో గుర్రపుడెక్క పట్టినట్టు పడుతుంది. నీరు ఉంటుంది, పచ్చగానే కనపడుతుంది, కానీ పడవ కదలదు.

కమిటీ ఎన్నికలు, మందిరం స్థలం పట్టా ఎవరి పేరున ఉంది, మిషన్ కాలం నాటి భూమి ఎవరు లీజుకిచ్చారు, ట్రెజరర్ లెక్క చెప్పాడా లేదా, క్వయిరులో మైకు ఎవరి పిల్లకి ఇచ్చారు. ఇవన్నీ ఏ సంఘంలోనైనా ఉండే గొడవలే. సంఘం చూపు బయటివాడి మీద ఉన్నప్పుడు ఇవి వాటి స్థాయిలో ఉంటాయి. బయటివాడు చూపులోంచి తప్పిపోయినప్పుడు ఇవే సంఘం అంతా అయిపోతాయి. పాత మిషన్ ఆస్తుల మీద ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే తగాదాలు మనకు కొత్త కాదు. ఆ తిరిగే పెద్దమనుషులు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. వాళ్ల ఓపికనూ తెలివినీ సంఘం వాడుకోవాల్సిన చోట వాడుకోలేదు.

ఇంకో నష్టం పిల్లల విషయంలో. నాలుగో తరం, ఐదో తరం క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు క్రిస్మస్ నాటికలూ పాటలూ వచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పదింటిని పుస్తకం చూడకుండా పాడతారు. కానీ ఇంజనీరింగ్ కాలేజీలో పక్క బెంచీ స్నేహితుడు 'మీరు దేన్ని నమ్ముతారు?' అని అడిగితే నీళ్లు నములుతారు. ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ చెప్పడం చూడలేదు. తాము నమ్మినదాన్ని నమ్మనివాడికి అర్థమయ్యేలా ఒక్కసారైనా చెప్పాల్సి వచ్చినవాడికే తన నమ్మకంలో ఏది పట్టు, ఏది అలవాటు అన్నది తెలుస్తుంది. సువార్త వినేవాడికి ఎంత మేలో చెప్పేవాడికీ అంత మేలు అని నేను అనేది అందుకే.

పేట సరిహద్దు

ఇప్పుడు కష్టమైన సంగతి. డెల్టాలో సంఘం అంటే చాలావరకు ఒక పేటలోని ఒక కులం. 19వ శతాబ్దం చివరి నుంచి మాల, మాదిగ పేటలు కుటుంబాలు కుటుంబాలుగా, కొన్నిచోట్ల పేటలు పేటలుగా క్రీస్తు దగ్గరికి వచ్చాయి. ఒక్కొక్కరుగా కాకుండా బంధువర్గంగా రావడం వల్ల ఎవరూ ఒంటరి కాలేదు. పెళ్లి సంబంధాలు తెగలేదు. అణగారిన మనుషులకు పేరు, చదువు, తలెత్తుకు నిలబడే ధైర్యం దొరికాయి. ఇది చిన్న మార్పు కాదు. ఈ పుణ్యాన్ని ఎవరూ కాదనలేరు.

కానీ సువార్త ఏ బంధుత్వపు దారి వెంట నడిచిందో ఆ దారి చివర ఆగింది కూడా. మాల సంఘం, మాదిగ సంఘం అని ఒకే ఊళ్లో ఒకే మిషన్‌కు రెండు మందిరాలున్న చోట్లు ఉన్నాయి. రెండిటి మధ్య పెళ్లిళ్లు ఉండవు. ఊళ్లో కాపులు, శెట్టిబలిజలు, తీరంలో మత్స్యకార కుటుంబాలు ఇప్పుడు స్వతంత్ర సంఘాలకు వస్తున్నారు. ముఖ్యంగా ఆడవాళ్లు, కొందరు ఇంట్లో చెప్పకుండానే వస్తారు. అయితే పేటలోని పాత మందిరానికి రావడానికి వాళ్ల కాళ్లు ఆడవు. పేటవాళ్లు వాళ్ల వీధికి వెళ్లి చెప్పడానికీ జంకుతారు. ఆ జంకుకు చరిత్ర ఉంది. తరతరాలుగా ఆ వీధిలో చెప్పులు వేసుకుని నడవనివ్వని ఊళ్లో, ఇప్పుడు వెళ్లి తలుపు తట్టమని చెప్పడం మైకు ముందు నిలబడినవాడికి తేలిక.

దీనికి మనం కనిపెట్టిన వంకర పరిష్కారం ఒకటుంది. పై కులం నుంచి ఒకాయన నమ్ముకుని వస్తే ఆయన్ను ముందు వరసలో కూర్చోబెడతాం. ప్రతి సభలో సాక్ష్యం చెప్పిస్తాం, ఫ్లెక్సీలో ఫోటో వేస్తాం. ఇంటిపేరు, కులం తెలిసేలా పరిచయం చేస్తాం. యాకోబు పత్రిక 2వ అధ్యాయం బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించడం గురించి ఏమందో తెలిసే ఇది చేస్తాం. ఆ మనిషికీ ఇది మేలు కాదు. విశ్వాసంలో ఇంకా పసివాడు, వేదిక మీద పెద్దవాడు అవుతాడు. కూలి పని చేసుకుంటూ నలభై ఏళ్లు నమ్మకంగా నిలబడిన తాత సాక్ష్యం మాత్రం ఎవరూ అడగరు.

అంతియొకయలో గీత దాటినవాళ్లు ఉపన్యాసం ఇచ్చి వెనక్కి వెళ్లిపోలేదు. కలిసి తిన్నారు, ఒకే సంఘంగా ఉన్నారు. గలతీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు పేతురును ముఖాముఖి నిలదీసింది ఆ కలిసి తినే బల్ల గురించే. కులం గోడ ఇవతల ఉండి అవతలికి సువార్త విసరడం కుదరదు. ఒక ఊళ్లో రెండు మందిరాల వాళ్లు నెలకోసారైనా కలిసి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) తీసుకుంటే, క్రిస్మస్ విందు ఒకే పంక్తిలో వడ్డిస్తే, అది ఆ ఊళ్లో ఏ మూడు రాత్రుల సభ కన్నా పెద్ద ప్రకటన. ఊరు చూస్తూ ఉంటుంది.

బియ్యం బస్తా, బైబిలు

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమను కొబ్బరి చెట్టుతో సహా కూల్చేసింది. ఆ తర్వాత నెలల్లో చర్చీలు కూడా ఇతరులతో పాటు సాయానికి దిగాయి. ప్రతి వరదకూ లంక గ్రామాల్లో అదే జరుగుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే నర్సాపురం, ఆకివీడు మిషన్ ఆసుపత్రులు, కాకినాడ, రాజమండ్రి బడులు. నర్సాపురం లేసు అల్లిక కూడా మిషనరీ స్త్రీలు నేర్పిన పనితోనే మొదలై వేల ఇళ్లకు పాకింది. (ఆ అల్లికలో దళారీ తిన్నంత అల్లినామె తినలేదన్నది వేరే పెద్ద కథ.)

ఈ సాయాలన్నీ ఎర అని కొందరు అంటారు. ఆ మాటకు కోపం తెచ్చుకునే ముందు మనల్ని మనం ఒక ప్రశ్న అడగాలి. వరదలో బియ్యం ఇచ్చేటప్పుడు ముందు ప్రార్థనకు కూర్చోబెట్టామా? మందిరానికి వచ్చేవాళ్ల పేర్లే లిస్టులో రాశామా? అలా చేస్తే ఆ విమర్శ నిజం. ఆకలితో ఉన్నవాడు అవునన్న మాటకు విలువ లేదు, ఆ మాట అతని చేత అనిపించినవాడు సువార్తకు ద్రోహం చేశాడు. యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే తిరిగి వచ్చింది ఒక్కడు. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు. సాయం ఎవరికైనా అందాలి, షరతు లేకుండా అందాలి. ఎందుకు చేస్తున్నారని ఎవరైనా అడిగితే అప్పుడు దాచకుండా చెప్పాలి. పేతురు మొదటి పత్రిక 3:15 చెప్పేది కూడా అడిగినవాడికి జవాబు గురించే, అదీ 'సాత్వికముతోను భయముతోను'.

ఆ సాత్వికం మన మైకుల్లో ఎంత ఉందో కూడా చూసుకోవాలి. పొరుగువాడి దేవుణ్ణి, పండుగను, బొమ్మను ఎగతాళి చేయకుండా క్రీస్తు గురించి చెప్పలేని ప్రసంగీకుణ్ణి పిలవకపోవడమే మంచిది. పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి లోపల పరితపించాడు. మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ల బలిపీఠం నుంచి, వాళ్ల కవుల మాట నుంచి మొదలుపెట్టాడు.

చట్టం చెప్పేది, కాగితం చెప్పేది

రాజ్యాంగంలోని 25వ అధికరణ ప్రతి మనిషికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం వంటి పరిమితులకు లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. తన మతం గురించి చెప్పుకునే హక్కు ఉంది, ఇంకొకరిని మార్చే హక్కు అంటూ ఏదీ లేదు అని. ఈ తీర్పును చాలామంది విశ్వాసులు దెబ్బగా చూస్తారు. నాకు మాత్రం వేదాంతపరంగా కూడా ఇందులో ఒక నిజం కనపడుతుంది. మనిషిని మార్చడం మన పని అని బైబిలూ చెప్పలేదు. సాక్షులుగా ఉండమంది. మారడం ఆ మనిషికీ దేవుడికీ మధ్య సంగతి. చిక్కు ఎక్కడంటే, ఒకరు ఇష్టపూర్వకంగా మారినా దాన్ని బలవంతమో ప్రలోభమో అని అనుమానించే వాతావరణం. దానికి సరైన జవాబు మన పని తేటతెల్లంగా ఉండడమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం ప్రకారం తిరుమల వంటి, ప్రభుత్వం ప్రకటించిన ఆరాధనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారం నిషేధం. దాన్ని పాటించాలి, భయంతో కాదు, మర్యాద కోసం. మన మందిరం వాకిట్లో ఇంకొకరు కరపత్రాలు పంచితే మనకు ఎలా ఉంటుంది? మైకు విషయంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దంటున్నాయి, మిగతా వేళల్లోనూ రాతపూర్వక అనుమతి ఉండాలి. పరీక్షలకు చదువుకునే పిల్ల ఉన్న ఇంటికి ఎదురుగా పదకొండింటి దాకా మోగే స్వస్థత కూడిక ఆ ఇంటివాళ్లకు ఏ శుభవార్త వినిపిస్తుంది?

కాగితం సంగతి ఇంకా లోతైనది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను బీసీ-సి కింద పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. బాప్తిస్మంతో కులం బాధ పోదు, పేట అక్కడే ఉంటుంది, వివక్ష అక్కడే ఉంటుంది. పోయేది చట్టం ఇచ్చే రక్షణే. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. దీని వల్లే మన సంఘాల్లో ఏళ్ల తరబడి వాక్యం వింటూ, ప్రార్థిస్తూ, బాప్తిస్మం మెట్టు దగ్గర ఆగిన కుటుంబాలు ఎన్నో. వాళ్లను విశ్వాసం చాలనివాళ్లని మైకులో దెప్పిపొడిచే బోధకులున్నారు. కొడుకు ఉద్యోగం, కూతురి హాస్టలు సీటు పోతాయని భయపడే తల్లిని దెప్పడం కాపరి పని కాదు. ఏం పోతుందో, ఏం దొరుకుతుందో ముందే దాచకుండా చెప్పడం, కూర్చుని లెక్క చూసుకోమనడం కాపరి పని. గోపురం కట్టేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో యేసే అడిగాడు. తెలిసి నిర్ణయించుకున్నవాడు రేపు కష్టం వచ్చినా సంఘాన్ని నిందించడు.

చేర్చుకున్నాక

1933లో జె. వాస్కం పికెట్ భారతదేశంలో సామూహికంగా క్రైస్తవంలోకి వచ్చిన ప్రజల మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించాడు. అందులో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. ఏ కారణంతో వచ్చారన్నదాని కన్నా, వచ్చిన తర్వాత వాళ్లకు బోధ, ఆరాధన, కాపరి పోషణ ఎంత దొరికాయన్నదే వాళ్ల క్రైస్తవ జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని ఆయన గమనించాడు. తొంభై ఏళ్లు దాటినా మన సభల నిర్వాహకులు చదవాల్సిన మాట ఇది. సభలో చేతులెత్తినవాళ్ల లెక్క మర్నాటి వాట్సాప్ గ్రూపులో వస్తుంది. ఆ చేతులెత్తిన వాళ్ల ఇంటికి ఆ వారంలో ఎవరు వెళ్తారన్నది ఎవరి డైరీలోనూ ఉండదు. సభ నిర్వహించినవాళ్లది వేరే ఊరు. స్థానిక సంఘానికి పేర్లు కూడా అందవు. అందుకే సంఘం లేని సువార్త గాలికి పోయే మాట అవుతుంది.

సభల ఖర్చులో సగం తీసి ఏడాది పొడవునా పెడితే ఏం చేయొచ్చో ఒక్కసారి లెక్క వేయాలి. చదువు తక్కువైన కొత్త విశ్వాసులకు బుధవారం సాయంత్రం మార్కు సువార్త కలిసి చదివే కూడిక. దానికి చదువుకున్న యూత్ చాలు, ప్రసంగీకుడు అక్కర్లేదు. సాక్ష్యం ఐదు నిమిషాల్లో, బైబిలు భాష రానివాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం నేర్పే తరగతి. 'రక్తములో కడుగబడితిని' అంటే పక్కింటి ఆయనకు ఏమర్థమవుతుంది? వేసవి వీబీఎస్‌కు (సెలవుల బైబిలు బడికి) వచ్చే పిల్లల్లో విశ్వాసులు కానివాళ్ల పిల్లలు సగం దాకా ఉండే ఊళ్లున్నాయి. తల్లిదండ్రులకు చెప్పి, వాళ్ల ఒప్పుదలతో పిలవడం అక్కడ తప్పనిసరి. ఆ పది రోజుల తర్వాత ఆ ఇళ్లకు ఒకసారి వెళ్లి, ఏం నేర్పామో వాళ్లకూ చెప్పి రావడం మర్యాద కూడా, సువార్త కూడా.

గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్ల సంగతి నా మనసులో ఎప్పుడూ మెదులుతుంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో వంటకూ పిల్లల పెంపకానికీ వెళ్లినవాళ్లు మన సంఘాల్లో ఎంతమందో. వాళ్ల కానుకలతో స్లాబులు పడ్డాయి, మైకు సెట్లు వచ్చాయి, సభలు జరిగాయి. శుక్రవారం సెలవు దొరికితే అక్కడి తెలుగు కూడికలకు వెళ్తారు. ఊళ్లో ఒకరినొకరు ముట్టుకోని కులాలవాళ్లు అక్కడ ఒకే గదిలో ఒకే చాప మీద కూర్చుని ప్రార్థిస్తారు. అలా నమ్మిన బంధువులూ స్నేహితులూ ఫోన్లలో ఊరికి చెబుతారు, ఊళ్లో ఒక ఇంటి తలుపు తెరుచుకుంటుంది. చెదరిపోయినవాళ్లు వాక్యం మోసుకెళ్లడం అంటే ఇదే. మన సంఘం వాళ్ల వీసా కోసం, జీతం కోసం ప్రార్థిస్తుంది. సెలవుకు వచ్చినప్పుడు కవరు అందుకుని కృతజ్ఞత కూడిక పెడుతుంది. ఆ కూడికలో ప్రసంగం మళ్లీ పాస్టర్ గారిదే. ఆమెను నిలబెట్టి, అక్కడ ఎవరితో ఏం మాట్లాడావమ్మా, వాళ్లేమన్నారు, నీకు జవాబు తెలియని ప్రశ్న ఏది వచ్చింది అని సంఘం అడగాలి. తిరిగి వెళ్లే ముందు, అంతియొకయ సంఘం బర్నబా సౌలుల మీద చేతులుంచినట్టు, పెద్దలు ఆమె మీద చేతులుంచి పంపాలి. ఆమెకు అక్కడ ఎదురైన ప్రశ్నలే వచ్చే నెల బుధవారం కూడికలో పాఠాలు కావాలి.